యాంజియో నార్మల్, స్కాన్ నార్మల్... మరి అమ్మ ఆయాసం ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది గోపాలపట్నం. మా అమ్మకు 59 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగర్, ఆరేళ్లుగా బీపీ ఉన్నాయి. ఏడాది నుంచి మేడ మెట్లు ఎక్కినా, రైతుబజారు నుంచి కూరల సంచి మోసుకొచ్చినా ఆయాసం వస్తోంది. గుండెల మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కుతున్నట్టు బరువుగా ఉంటుందట. కూర్చుంటే ఐదు నిమిషాల్లో తగ్గిపోతుంది. యాంజియోగ్రామ్ చేయిస్తే ఒక రక్తనాళంలో 40 శాతం, ఇంకోదాంట్లో 50 శాతం బ్లాకులున్నాయి, స్టెంట్ అక్కర్లేదన్నారు. తర్వాత థాలియం స్కాన్ చేశారు. అదీ నార్మలే. గ్యాస్, టెన్షన్ అని మాత్రలు రాసి పంపారు. అమ్మ ఆయాసం మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు ఇంకో కార్డియాలజిస్టు పెట్ స్కాన్ చేయించి, గుండె కండరానికి నిమిషానికి ఎంత రక్తం వెళ్తోందో కొలిపించమంటున్నారు. పెట్ స్కాన్ క్యాన్సర్‌కి కదా? ఒకసారి రేడియేషన్ పడింది, మళ్లీ పడితే ప్రమాదం కాదా? మా మావయ్య ‘ఎందుకైనా మంచిది, ఆ 50 శాతానికి స్టెంట్ వేయించేయండి’ అంటున్నాడు. నాన్నేమో ‘రెండుసార్లు నార్మల్ అన్నాక ఇంకా పరీక్షలేంటి’ అంటున్నారు. అమ్మకు ఈ ఏడాది సింహాచలం గిరి ప్రదక్షిణ మొక్కు కూడా ఉంది. ఏం చేయమంటారు?

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మొక్కు సంగతి ముందు చెప్పేస్తాను, దానికి తేదీ ఉంది కాబట్టి. ఈ ఏడాది గిరి ప్రదక్షిణ వద్దు. ఆషాఢ పౌర్ణమికి సింహగిరి చుట్టూ నడిచే ఆ 32 కిలోమీటర్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే అలసగొట్టేస్తాయి. ప్రదక్షిణ చేసేవాళ్లు మీ గోపాలపట్నం మీదుగానే వెళ్తారు కనుక ఆ రద్దీ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాక, దారి మధ్యలో ఎక్కడో గుండె బరువెక్కితే అంత జనంలో అంబులెన్సు ఆవిడ దగ్గరికి చేరడమే కష్టం. మేడ మెట్లకే ఆగిపోతున్న మనిషిని రాత్రంతా నడిపించకూడదు. మొక్కు ఎక్కడికీ పోదు, నయమయ్యాక తీర్చుకోవచ్చు. ఈలోగా బస్సులో కొండ మీదికి వెళ్లి అప్పన్న దర్శనం చేసుకుని రండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా పట్టి ఆపిన మాట రిపోర్టుల గురించి రాసింది కాదు. ‘కూర్చుంటే ఐదు నిమిషాల్లో తగ్గిపోతుంది’ అని రాశారే, అది. మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే పోయే బరువు గ్యాస్ వల్ల అయ్యే అవకాశం చాలా తక్కువ. గ్యాస్‌కి మెట్లతో పనేముంది? తిన్న తర్వాతో, పడుకున్నప్పుడో వస్తుంది. శ్రమతో వచ్చి విశ్రాంతితో తగ్గే నొప్పిని వైద్యంలో ఆంజైనా అంటాం. గుండె కండరం అడిగినంత రక్తం దానికి అందనప్పుడు వచ్చే నొప్పి అది. పదిహేనేళ్ల షుగర్ ఉన్న ఆడమనిషి ఈ లక్షణాలు చెబితే టెన్షన్ అని పంపేయడం నాకు బాధ కలిగిస్తుంది. ఇలా ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలతో నెట్టుకొచ్చినవాళ్లు చాలామంది మా విభాగానికి వస్తారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మీ అమ్మగారి ఆయాసం నిజమైనదే. ఈ మాట నాన్నగారికి చదివి వినిపించండి.

మరి రెండు పరీక్షలూ నార్మల్ ఎలా అయ్యాయి? ఆ రెండూ తప్పు చెప్పలేదు. మీ అమ్మగారి విషయంలో అడగాల్సిన ప్రశ్న వాటిని ఎవరూ అడగలేదు, అంతే.

యాంజియోగ్రామ్ రక్తనాళం లోపలి ఆకారాన్ని చూపిస్తుంది. గుండె బయటి గోడ మీద పాకే పెద్ద నాళాలు, వాటి కొమ్మలు అందులో చక్కగా కనిపిస్తాయి. సుమారు అర మిల్లీమీటరు కన్నా సన్నగా ఉన్నవి కనిపించవు. అవి కండరంలోకి దిగి వేలకొద్దీ పాయలుగా చీలిపోతాయి. రక్తం ఎంత వెళ్లాలో చాలావరకు నిర్ణయించేవి ఆ కనిపించని సన్న నాళాలే. గోదావరి కాలువల కింద వ్యవసాయం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది: పెద్ద కాలువ నిండుగా పారుతున్నా పంట బోదెలు పూడిపోతే శివారు చేను ఎండుతుంది. కాలువను మాత్రం ఫొటో తీసి నీళ్లు బాగానే ఉన్నాయంటే ఆ రైతు ఏం చేస్తాడు? షుగర్, బీపీ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో ముందుగా దెబ్బతినేది తరచూ ఈ సన్న నాళాలే. అవి అవసరానికి తగ్గట్టు విచ్చుకోవు.

అమెరికాలో 1996లో ఆడవాళ్ల గుండెనొప్పి మీద ‘వైజ్’ అనే పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. నొప్పి ఉండి, యాంజియోలో పెద్ద బ్లాకులు లేని ఆడవాళ్లకు నాళంలో రక్త ప్రవాహాన్ని కొలిచి చూస్తే, దగ్గరదగ్గర సగం మందిలో ప్రవాహం పెరగాల్సినంతగా పెరగలేదు. వీళ్లలో చాలామందికి అంతకుముందు ‘మీ గుండెకేం లేదు’ అని చెప్పే పంపి ఉంటారు.

రెండోది మీరు థాలియం అని రాసిన స్కాన్. ఆ పేరు వాడుకలో ఉండిపోయింది కానీ ఈ రోజుల్లో ఎక్కువచోట్ల అందులో ఇచ్చేది టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందు. పరుగెత్తించో, ఇంజెక్షన్ ఇచ్చో గుండెకు శ్రమ కలిగించి, ఆ సమయంలో ఈ మందు ఎక్కిస్తారు. రక్తం ఎంత వెళ్తే అంత మందు కండరంలో నిలుస్తుంది. ఆ తర్వాత కొంతసేపటికి కెమెరా కింద పడుకోబెట్టి బొమ్మ తీస్తారు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆ బొమ్మలో అన్నిటికన్నా బాగా మెరిసే చోటును నూరుగా పెట్టుకుని, మిగతా చోట్లను దానితో పోలుస్తాం. ఒక గోడ మెరిసి ఇంకో గోడ మసకబారితే ‘ఇక్కడ రక్తం తగ్గింది’ అని వెంటనే చెప్పగలం. పెద్ద బ్లాకులను పట్టుకోవడంలో అది దశాబ్దాలుగా ఎంతోమందికి మేలు చేసిన పరీక్ష, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ గుండె మొత్తానికీ రక్తం ఒకే తీరుగా తగ్గితే? అన్ని గోడలూ సమానంగా మసకబారతాయి, వాటిలో కాస్త మెరుగ్గా ఉన్నదే నూరవుతుంది, బొమ్మ అందంగా, నార్మల్‌గా కనిపిస్తుంది. మూడు ప్రధాన నాళాల్లోనూ ఒకే స్థాయిలో బ్లాకులున్నవాళ్లలో, సన్న నాళాలు అంతటా దెబ్బతిన్నవాళ్లలో ఇలా జరగొచ్చు. మీ అమ్మగారిది రెండో కోవ కావచ్చని ఆ కార్డియాలజిస్టు అనుమానించారు. నా దృష్టిలో అది సరైన అనుమానమే.

ఇప్పుడు పెట్ స్కాన్. క్యాన్సర్‌కి వాడే మెషీనే, మందు మాత్రం వేరు. క్యాన్సర్‌లో రేడియోధార్మికత కలిపిన గ్లూకోజ్ లాంటి మందు ఇస్తారు. గుండె రక్త ప్రవాహానికి ఎన్-13 అమోనియా, రుబీడియం-82, ఓ-15 నీరు వంటి రేడియోధార్మిక మందులు వాడతారు. ఇక్కడ కెమెరా మందు ఎక్కిన తర్వాత ఎప్పుడో కాదు, ఎక్కుతున్న క్షణం నుంచే లెక్క పెడుతుంది. తెర మీద చూస్తే మొదట గుండె కుడి గది మెరుస్తుంది. కొన్ని సెకన్లకు ఊపిరితిత్తులు. తర్వాత ఎడమ గది ఒక్కసారిగా వెలుగుతుంది. ఆ వెలుగు మెల్లగా తగ్గుతూ, చుట్టూ ఉన్న కండరపు గోడ వెలుగు పుంజుకుంటుంది. మొదటి నిమిషాల్లో ప్రతి ఐదు పది సెకన్లకు ఒక బొమ్మ చొప్పున నమోదవుతుంది. గదిలోని రక్తంలో మందు ఎంత ఉంది, అందులోంచి గోడలోకి ఎంత వేగంగా ఇంకింది అన్న రెండు గీతలను కలిపి కంప్యూటర్ లెక్క తీస్తుంది. ఒక గ్రాము గుండె కండరానికి నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్ల రక్తం అని వచ్చేది అలాగే. దేనితోనూ పోల్చి చెప్పే నూరు కాదు, నేరుగా కొలిచిన అంకె.

ఇదే కొలతను రెండుసార్లు తీస్తారు, విశ్రాంతిలో ఒకసారి, శ్రమలో ఒకసారి. పెట్‌లో మనిషిని పరుగెత్తించడం అరుదు. అడినోసిన్ లాంటి మందుతో నాళాలను పూర్తిగా విచ్చుకునేలా చేస్తారు. రెండూ ఎందుకంటే, మిగతా కండరాల్లా గుండె కండరం అవసరం పెరిగినప్పుడు రక్తంలోంచి అదనంగా ఆక్సిజన్ పిండుకోలేదు. విశ్రాంతిలోనే వచ్చిన ఆక్సిజన్‌లో 70 శాతానికి పైగా వాడేసుకుంటుంది. ఇంకా కావాలంటే దానికున్న దారి రక్తం ఎక్కువ తెప్పించుకోవడమే. ఆరోగ్యంగా ఉన్న గుండె విశ్రాంతిలో గ్రాముకు నిమిషానికి సుమారు 0.6 నుంచి 1 మిల్లీలీటరు తీసుకుంటుంది, శ్రమలో రెండున్నర, మూడు, అంతకు పైకి కూడా తెచ్చుకోగలుగుతుంది. శ్రమలో అంకెను విశ్రాంతి అంకెతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని ఫ్లో రిజర్వ్ అంటారు. అది 2 కన్నా బాగా పైన ఉంటే ధైర్యంగా ఉండొచ్చు. 1.5 కన్నా తక్కువైతే గట్టిగా పట్టించుకోవాలి. మధ్యలో ఉంటే మిగతా వివరాలతో కలిపి చూస్తాం.

ఈ అంకెకు ఇంత విలువ ఎందుకో చెబుతాను. 2011లో బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి డాక్టర్లు 2,783 మందికి పెట్‌తో ఇలా కొలిచి, తర్వాత వాళ్లు ఎలా ఉన్నారో గమనించారు. నిష్పత్తి 1.5 కన్నా తక్కువ ఉన్నవాళ్లలో గుండె జబ్బుతో మరణాలు, 2 కన్నా ఎక్కువ ఉన్నవాళ్లతో పోలిస్తే 5.6 రెట్లు ఉన్నాయి. మరుసటి ఏడాది అక్కడివాళ్లే షుగర్ ఉన్నవాళ్ల గురించి ఇంకో సంగతి బయటపెట్టారు. గుండె నాళాల జబ్బు ఉందని తెలియకపోయినా, ఈ నిష్పత్తి తగ్గిన షుగర్ రోగులకు ఉన్న ముప్పు, అప్పటికే గుండె జబ్బు ఉన్న షుగర్ లేనివాళ్ల ముప్పుతో దాదాపు సమానంగా ఉంది. మీ అమ్మగారి వంటివాళ్లకు ‘నార్మల్’ అని చెప్పి పంపేయకూడదని నేను ఇంత గట్టిగా అనడానికి కారణం ఇదే.

అయితే నిష్పత్తి ఒక్కదాన్నే పట్టుకుని భయపడకండి. రిపోర్టు చేతికొచ్చాక రెండు విడి అంకెలు కూడా చూడాలి. ఒకరికి విశ్రాంతిలో 0.9, శ్రమలో 1.6 వచ్చాయనుకోండి. ఇంకొకరికి విశ్రాంతిలో 1.4, శ్రమలో 2.5. ఇద్దరికీ నిష్పత్తి దాదాపు 1.8. మొదటి ఆవిడకు శ్రమలో రక్తం నిజంగానే చాలడం లేదు. రెండో ఆవిడకు శ్రమలో బాగానే వస్తోంది, కాకపోతే విశ్రాంతిలోనే గుండె ఎక్కువ రక్తం తెప్పించుకుంటోంది కాబట్టి నిష్పత్తి తగ్గినట్టు కనిపిస్తోంది. బీపీ అదుపులో లేకపోయినా, గుండె వేగంగా కొట్టుకుంటున్నా, రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ ఎక్కువైనా అలా జరుగుతుంది. ఆడవాళ్లలో విశ్రాంతి ప్రవాహం సహజంగానే కొంచెం ఎక్కువ. రిపోర్టులో ఒక్క నిష్పత్తే రాసి ఇస్తే, మొహమాటపడకుండా ఆ రెండు అంకెలూ, పరీక్ష సమయంలో బీపీ, నాడి ఎంత ఉన్నాయో కూడా అడిగి తీసుకోండి.

అందుకే స్కాన్‌కి పరుగెత్తేముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించండి. ఎకో (గుండె అల్ట్రాసౌండ్) తీయించి ఏడాది దాటితే మళ్లీ తీయించండి. గుండె బాగా పంప్ చేస్తున్నా, గట్టిపడి సరిగా వదులవ్వకపోతే కూడా ఇలాంటి ఆయాసమే వస్తుంది, షుగర్, బీపీ ఉన్నవాళ్లలో అది మామూలే. ఊపిరితిత్తుల పరీక్ష కూడా ఒకటి. వీటిలో చాలావరకు కేజీహెచ్ లాంటి ప్రభుత్వాసుపత్రిలో కూడా అయిపోతాయి. హిమోగ్లోబిన్ ఏ ఎనిమిదో ఉందని తేలితే ముందు దాన్ని సరిచేయాలి. అప్పుడు ఆయాసం తగ్గితే ఖరీదైన స్కాన్ అవసరమే రాకపోవచ్చు.

రేడియేషన్ భయం గురించి. మామూలుగా బతుకుతూ నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్ (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) రేడియేషన్ పడుతుంది. టెక్నీషియంతో విశ్రాంతి, శ్రమ రెండు భాగాలూ చేసిన స్కాన్‌లో సుమారు 10 దాకా పడుతుంది. ఎన్-13 అమోనియాతోనో, రుబీడియంతోనో చేసే గుండె పెట్‌లో సాధారణంగా రెండు నుంచి నాలుగు. అంటే ఇప్పుడు చేయించమంటున్నది ఇప్పటికే చేయించిన దానికన్నా తక్కువే. అమోనియాలోని ఎన్-13 ప్రతి పది నిమిషాలకు సగమైపోతుంది, గంటకు అరవై నాలుగో వంతు మిగులుతుంది. రుబీడియం అయితే 76 సెకన్లకే సగం. పరీక్ష అయ్యాక మంచినీళ్లు బాగా తాగమనండి. ఇంట్లో గర్భిణులు, చంటిపిల్లలు ఉంటే ఆ పూట ఎంతసేపు దూరంగా ఉండాలో అక్కడి సిబ్బంది చెబుతారు. మీ అమ్మగారి వయసులో, ఈ లక్షణాలతో, జబ్బు తేలకుండా ఉండిపోవడం ఈ రేడియేషన్ కన్నా పెద్ద ప్రమాదం. ఇందులో నాకు ఏ తటపటాయింపూ లేదు.

పరీక్షకు ముందు జాగ్రత్తల్లో ఒకదాని మీద ఎంత చెప్పినా తక్కువే: కాఫీ, టీ. కెఫీన్ అడినోసిన్‌ను పనిచేయనివ్వదు. నాళాలు విచ్చుకోవు, శ్రమ అంకె పెరగదు, లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. డబ్బు ఖర్చు, భయం అదనం. పరీక్షకు 24 గంటల ముందు నుంచి కాఫీ, టీ, కూల్‌డ్రింకులు, చాక్లెట్ ఏవీ వద్దు. పొద్దున్నే గ్లాసుడు టీ పడితే గానీ తల పనిచేయదనే వాళ్లకు ఇది కష్టమే. తలనొప్పి వస్తుంది. అప్పుడు అలవాటుగా వేసుకునే తలనొప్పి మాత్రల్లో కొన్నింట్లోనూ కెఫీన్ ఉంటుంది, కాబట్టి ఆ మాత్ర కూడా అడిగాకే వేయండి. అమ్మగారికి ఉబ్బసం ఉంటే తప్పనిసరిగా ముందే చెప్పాలి, అడినోసిన్ వాళ్లకు పడకపోవచ్చు. వేరే మందుతో చేస్తారు. డెరిఫిలిన్ లాంటి ఆయాసం మాత్రలు వాడుతుంటే అవి కూడా కెఫీన్ లాగే పరీక్షను చెడగొడతాయి, ఎప్పుడు ఆపాలో డాక్టరును అడగండి. బీపీ, గుండె మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. కొన్ని గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు కాబట్టి, ఇన్సులిన్ ఎంత తీసుకోవాలో ముందు రోజే కనుక్కోండి. ఈ చిన్న విషయం మరిచిపోయి షుగర్ పడిపోయి ఇబ్బంది పడేవాళ్లు ఉంటారు.

ఇంకోటి. మెషీన్‌లో చేతులు తలపైకి పెట్టి కదలకుండా పడుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి భుజాలు పట్టేసి ఉంటాయి, చెయ్యి పైకెత్తితే ప్రాణం పోయినంత నొప్పి. నొప్పితో మధ్యలో కాస్త జరిగినా లెక్కలు తారుమారవుతాయి. అమ్మగారికి ఆ బాధ ఉంటే ముందే చెప్పండి, దిండ్లు పెట్టి సర్దుతారు. అడినోసిన్ ఎక్కుతున్నప్పుడు ముఖం వేడెక్కుతుంది, ఛాతీ బిగుసుకున్నట్టు, ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. ఆ కొద్ది నిమిషాలు ఆవిడ కంగారు పడకుండా మీరే ముందుగా చెప్పి ఉంచండి. ఆ మందు రక్తంలో నిలిచేది సెకన్లే. ఆపగానే తగ్గుతుంది. పక్కనే డాక్టరు ఉంటారు, ఈసీజీ నడుస్తూనే ఉంటుంది.

ఎక్కడ చేయించాలి అన్నది అసలైన కష్టం. విశాఖలో క్యాన్సర్ కోసం పెట్ మెషీన్లు ఉన్నాయి. మెషీన్ ఉన్నంత మాత్రాన గుండె ప్రవాహం కొలవలేరు. పది నిమిషాలకు సగమైపోయే మందును ఇంకో ఊరి నుంచి తెప్పించలేం, ఆ మందును తయారుచేసే సైక్లోట్రాన్ అదే ఆవరణలో ఉండాలి. రుబీడియానికి, దాన్ని అక్కడికక్కడే తీసిచ్చే ప్రత్యేకమైన జనరేటర్ (కరెంటు జనరేటర్ కాదు) కావాలి. ఫ్లర్పిరిడాజ్ అనే కొత్త మందుకు అమెరికాలో 2024 సెప్టెంబరులో అనుమతి ఇచ్చారు. అది సగమవడానికి సుమారు 110 నిమిషాలు పడుతుంది కాబట్టి దూరం నుంచి తెచ్చుకోవచ్చు. అలాంటివి మన దాకా వస్తే మనలాంటి ఊళ్లకు చాలా మేలు. ప్రస్తుతానికి మీరు ఫోన్ చేసి అడగాల్సింది సూటిగా ఇది: ‘మీ దగ్గర గుండె పెట్‌లో మిల్లీలీటర్లలో రక్త ప్రవాహం కొలిచి, విశ్రాంతి, శ్రమ అంకెలు రెండూ రిపోర్టులో ఇస్తారా? ఏ మందు వాడతారు?’ ‘పెట్ చేస్తాం’ అని ఊరుకుంటే చాలదు. గుండెకు కూడా గ్లూకోజ్ మందుతో పెట్ చేస్తారు, అది కండరం బతికి ఉందో లేదో చూడటానికి, మీకు కావాల్సింది అది కాదు. ఖర్చు ఎంతో, మీ ఇన్సూరెన్సులో గానీ ప్రభుత్వ పథకంలో గానీ వస్తుందో లేదో ప్రయాణం కట్టేముందే రాతపూర్వకంగా తీసుకోండి.

హైదరాబాద్‌కో మరో ఊరికో వెళ్లడం మీకు వీలుకాకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. సీజెడ్‌టీ అనే కొత్త రకం గామా కెమెరాలతో కొన్నిచోట్ల టెక్నీషియంతోనే ప్రవాహం కొలుస్తున్నారు. పెట్ అంత కచ్చితం కాకపోయినా పనికొస్తుంది. శ్రమ మందు ఇచ్చి చేసే గుండె ఎంఆర్‌ఐ ఇంకో దారి, అందులో రేడియేషన్ అసలు ఉండదు. యాంజియో చేస్తూనే సన్నటి తీగతో నాళంలో ప్రవాహాన్ని, సన్న నాళాల నిరోధాన్ని కొలవొచ్చు. మళ్లీ యాంజియో అవసరమైతే అప్పుడు అడగండి. ఇవేవీ కుదరకపోయినా, లక్షణాలను బట్టి సన్న నాళాల జబ్బే అని భావించి మందులు మొదలుపెట్టి చూడమని కార్డియాలజిస్టును అడగొచ్చు. స్కాన్ దొరికేదాకా ఆవిడ నొప్పి భరిస్తూ కూర్చోవాలని ఎక్కడా లేదు.

మావయ్య గారి సలహా ప్రేమతో చెప్పిందే, కానీ వినకండి. 1974లో డాక్టర్ లాన్స్ గౌల్డ్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో, నాళం 30 నుంచి 45 శాతం సన్నబడినప్పుడే గరిష్ట ప్రవాహం తగ్గడం మొదలవుతుందని, విశ్రాంతి ప్రవాహం 85 శాతం దాకా తగ్గదని చూపించారు. అంటే 50 శాతం అన్నది ప్రవాహం తగ్గడం మొదలయ్యే గీతకు దగ్గర్లోనే ఉన్న అంకె. కంటితో చూసి వేసిన 50 శాతం వెనుక ప్రవాహం తగ్గిందో లేదో కొలిస్తే తప్ప తెలియదు. ప్రవాహాన్ని అడ్డుకోని బ్లాకుకు స్టెంట్ వేస్తే ఆయాసం తగ్గదు, రక్తం పలచబడే మాత్రల భారం మాత్రం మీద పడుతుంది. సన్న నాళాల జబ్బుకు స్టెంట్ అసలు వైద్యమే కాదు. పెద్ద బ్లాకులున్నవాళ్ల సంగతే చూడండి. 2020లో వెలువడిన ఇస్కీమియా ట్రయల్‌లో 5,179 మందిని పరిశీలించారు. జబ్బు నిలకడగా ఉన్నవాళ్లలో మొదటే స్టెంట్‌కో బైపాస్‌కో వెళ్లినా, మంచి మందులతో మొదలుపెట్టినా గుండెపోటు, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకు మాత్రం ఆ ప్రక్రియలతో ఉపశమనం బాగా దొరికింది. ఎడమ ప్రధాన నాళంలో పెద్ద బ్లాకు ఉన్నవాళ్లను అందులో చేర్చుకోలేదు. మీ అమ్మగారి రిపోర్టులో ఆ నాళం బాగుందని రాసి ఉందా, ఒకసారి చూసుకోండి.

ఫలితం ఎలా వచ్చినా కొన్ని మందులు మారవు. 40, 50 శాతం బ్లాకులున్నాయంటే కొవ్వు పేరుకోవడం మొదలైనట్టే, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఉండాల్సిందే. ‘నార్మల్ అన్నారుగా’ అని మానేసి ఉంటే వెంటనే డాక్టరుతో మాట్లాడండి. షుగర్, బీపీ గట్టిగా అదుపు చేయాలి. ప్రవాహం తగ్గిందని తేలితే, గుండె వేగాన్ని తగ్గించేవి, నాళాలను సడలించేవి మనిషిని బట్టి జోడిస్తారు. ఊరికే కొలిచి కాగితం చేతికివ్వడం దగ్గర ఇది ఆగదు. 2018లో స్కాట్లండ్‌లో కార్‌మైకా అనే ట్రయల్‌లో, యాంజియోలో పెద్ద బ్లాకులు లేని ఆంజైనా రోగులకు సన్న నాళాల పనితీరు కొలిచి, దాన్నిబట్టి మందులు ఇచ్చినవాళ్లలో నొప్పి, జీవన నాణ్యత మామూలుగా వైద్యం పొందినవాళ్లకన్నా మెరుగుపడ్డాయి. ప్రవాహం బాగుందని తేలితే అదీ మంచి వార్తే. అప్పుడు ఊపిరితిత్తులు, గుండె గట్టిపడటం వంటి మిగతా కారణాల వైపు ధైర్యంగా వెతకొచ్చు. నడక పూర్తిగా మాన్పించకండి. చదునైన చోట, మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతో, బరువు అనిపించకముందే ఆగేలా నడవమనండి. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బండ్లు ఉండని వేళలో అయితే ఇంకా మంచిది. భోజనం చేసిన వెంటనే మాత్రం వద్దు.

పరీక్షకు వెళ్లేటప్పుడు యాంజియో సీడీ, పాత స్కాన్ బొమ్మలు, మందుల చీటీ అన్నీ పట్టుకెళ్లండి. నొప్పి ఎప్పుడు, ఏం చేస్తుండగా వచ్చింది, ఎంతసేపు ఉంది అని రెండు వారాలు ఒక కాగితం మీద రాయించండి. డాక్టరుకు అది ఏ స్కాన్‌కీ తీసిపోని ఆధారం, పైగా ‘టెన్షన్’ అని తేల్చేయడం కష్టమవుతుంది. ఈలోగా నొప్పి కూర్చున్నా తగ్గకుండా పావుగంట దాటినా, విశ్రాంతిలో ఉండగా వచ్చినా, చెమటలు పట్టినా, ఎడమ చేతికో దవడకో పాకినా, ఇదివరకటి కన్నా తక్కువ శ్రమకే వస్తున్నా, వెంటనే 108కి ఫోన్ చేసి గుండె విభాగం ఉన్న దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటులో నొప్పి లేకుండా ఒక్క ఆయాసమే రావచ్చు. అలాంటప్పుడు పెట్ స్కాన్ తేదీ కోసం ఆగొద్దు.